టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి: ఇంటి పని సొంతంగా చేసుకునేవాళ్ళకి ఫోను నుంచి గోడ దాకా జాగ్రత్తలు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్ళు విజయవాడ సింగ్‌నగర్‌లో మా కింది వాటా నిండా వచ్చాయి. అవి దిగేటప్పటికి స్విచ్చిబోర్డుల్లో బురద, గోడల మీద ఛాతీ ఎత్తున గీత, ఉబ్బిపోయి మూతపడని తలుపులు. వీధంతా అదే గతి కాబట్టి కరెంటు పనివాడు దొరకడు, పెయింటర్ దొరకడు, దొరికినవాడు చెప్పే రేటుకి మన జేబు చాలదు. నాలాంటివాళ్ళు చాలామంది ఒక చేత ఫోను, ఒక చేత స్క్రూడ్రైవరు పట్టుకుని పనిలోకి దిగారు.

ఆ రెండు నెలల్లో నాకు ఒకసారి షాక్ కొట్టింది, ఒకసారి బ్యాంకు ఖాతాలోంచి డబ్బు పోయింది. మా బాబాయ్ ముప్పై ఏళ్ళు ఆటోనగర్‌లో మోటారు వైండింగ్ చేసిన మనిషి. షాక్ కొట్టిన సాయంత్రం వచ్చి, నా చెయ్యి చూడకుండా ముందు బోర్డు చూశాడు.

"మెయిను ఆపావుట్రా?"

"ఆపాను బాబాయ్."

"ఆపావా, ఆగిందని చూశావా?"

నేను చూడలేదు. మెయిను కిందికి లాగాను, ఫ్యాను ఆగింది, ఇక కరెంటు లేదనుకున్నాను. వారం కిందట బిగించిన కొత్త ఇన్వర్టరు ఆ బోర్డులో ఒక లైనుకి కరెంటు ఇస్తూనే ఉంది. డబ్బు పోయినప్పుడూ అంతే. అవతలివాడు కంపెనీవాడే అనుకున్నాను, వాడేనా కాదా అని చూసుకోలేదు. కింద రాసిన మెట్లన్నీ బాబాయ్ అడిగిన ఆ రెండో ప్రశ్న చుట్టూ తిరిగేవే.

మొదటి మెట్టు: ఏ పని మనది కాదో ముందు తేల్చుకోండి

పనిముట్లు కొనకముందే ఇది తేలిపోవాలి. మీటరు, దానికి స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు, మీటరుకి ముందుండే ఫ్యూజు డిపార్ట్‌మెంటువాళ్ళవి. వాటి జోలికి పోకూడదు. విజయవాడ, గుంటూరు రెండూ ఏపీసీపీడీసీఎల్ అనే కరెంటు సంస్థ కిందికే వస్తాయి. ఫోను చేయాల్సిన నంబరు 1912. గ్యాసు పైపు మనది కాదు. ఇంటి బీమూ పిల్లరూ మనవి కావు, పెద్ద టీవీ కోసమైనా సరే బీముని చెక్కకండి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది సంపు గురించి. మూత వేసి చాలాకాలం ఉంచిన సంపులోనూ, వరద బురద కుళ్ళిన సంపులోనూ లోపల ఊపిరికి గాలి ఉండదు, విషవాయువు కూడా ఉండొచ్చు. దిగిన మనిషి అరవకుండానే కూలిపోతాడు. పైనున్నవాడు కంగారుపడి దిగుతాడు, అతనూ పడిపోతాడు. సంపు ప్రమాదాల్లో ఒక్కరితో ఆగనివి చాలా ఉంటాయి, కారణం ఇదే. పైనుంచి మోటారుతో తోడండి, పైపుతో కడగండి, మనిషిని మాత్రం దించకండి. ఎవరైనా లోపల పడిపోతే దిగకుండా 101కో 112కో ఫోను చేయండి.

రెండో మెట్టు: వీడియో ఏ దేశానిదో చూడండి

పని నేర్చుకోవడానికి వీడియోలు మంచివే, నేను లప్పం పెట్టడం అలాగే నేర్చుకున్నాను. కరెంటు పని దగ్గర మాత్రం వీడియో ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకంటే రంగులు వేరు.

అమెరికా వీడియోలో నల్ల వైరు అంటే కరెంటు ఉన్నది, తెల్లది న్యూట్రల్. మన ఇళ్ళలో అలవాటుగా ఎరుపు, పసుపు, నీలం ఫేజులు (కరెంటు ఉన్నవి), నలుపు న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయేది), ఆకుపచ్చ ఎర్తు (నేలకి పోయేది). అక్కడ ఇంట్లో మామూలు ప్లగ్గులో 120 వోల్టులు, మనకి 230. అంటే వాళ్ళ పాఠం ఉన్నదున్నట్టు మన గోడలో పెడితే, ముట్టుకోవద్దన్నది ముట్టుకుంటాం.

ఇంకో చిక్కు మన ఇంట్లోనే ఉంది. మిక్సీకీ ఇస్త్రీపెట్టెకీ వచ్చే తీగలో గోధుమరంగుది ఫేజు, నీలంది న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చారలున్నది ఎర్తు. త్రీఫేజు ఉన్న ఇంట్లో గోడలోంచి వచ్చే నీలం వైరు ఫేజు కావచ్చు. అంటే ప్లగ్గు తీగలో నీలం, గోడలో నీలం ఒకటి కావు. దీనికి తోడు, ఆరోజు ఎర్ర చుట్ట అయిపోతే చేతికందిన రంగు లాగేసిన పనివాళ్ళు ఊళ్ళో తక్కువేం లేరు. మా హాల్లో న్యూట్రల్‌కి ఆకుపచ్చ వైరు వాడారు. పదిహేనేళ్ళు అందులో ఉంటూ మాకు తెలియలేదు. రంగుని చూసి ఊహించండి, నమ్మేముందు టెస్టర్ పెట్టండి.

మూడో మెట్టు: కరెంటు ఆపడం, ఆగిందని చూడటం

ఇక్కడ తొందర పనికిరాదు. వరస ఇది.

పని చేసే బోర్డులో టెస్టర్ పెట్టి, కరెంటు ఉన్నప్పుడు బల్బు వెలుగుతోందో లేదో ముందు చూడండి. వెలగని టెస్టర్‌తో "కరెంటు లేదు" అనుకోవడం కన్నా టెస్టర్ లేకపోవడమే నయం. ఎండ పడే చోట ఆ చిన్న వెలుగు కనపడదు, అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి. ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడితే కూడా మసగ్గా వెలుగుతుంది, లేదా అసలు వెలగదు. అందుకే ఈ బల్బు టెస్టర్ ఒక్కదాని మాట మీద పోకుండా, వోల్టులు అంకెల్లో చూపే మల్టీమీటరు కొనుక్కోండి. ఇంటి పనికి అంత ఖరీదైంది అక్కర్లేదు. వన్‌టౌన్‌లోనో గవర్నర్‌పేటలోనో కరెంటు సామాన్ల కొట్లలో దొరుకుతుంది.

తర్వాత మెయిను ఆపండి. ఇన్వర్టరు ఉంటే దాని స్విచ్చి ఆపడమే కాదు, దాని అవుట్‌పుట్ ప్లగ్గు కూడా తీయండి. జనరేటరు ఉన్న అపార్ట్‌మెంటైతే దాని లైను వేరే ఎంసీబీ (దానంతటదే పడిపోయే స్విచ్చి) మీద ఉంటుంది, వాచ్‌మన్‌ని అడిగి అదీ ఆపించండి. మెయిను దగ్గర "పని జరుగుతోంది, వేయకండి" అని కాగితం అతికించండి. అవతలి గదిలో టీవీ ఆగిందని మా మేనల్లుడు వచ్చి మెయిను ఎత్తేయబోయాడు, కాగితం చూసి ఆగాడు.

మళ్ళీ టెస్టర్ పెట్టండి, బోర్డులో ఉన్న ప్రతి వైరుకీ. ఆఖర్న కరెంటు ఉందని తెలిసిన వేరే చోట పెట్టి, అది ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకోండి. ఇల్లంతా ఆపి ఉంటే పక్క వాటాలో చూడండి. అంతా కలిపి నాలుగు నిమిషాలు.

గది స్విచ్చి ఒక్కటి ఆపి బల్బు హోల్డరు విప్పే అలవాటు చాలామందికి ఉంది. పాత ఇళ్ళలో స్విచ్చిని న్యూట్రల్ మీద కట్టినవి కనిపిస్తాయి. అలాంటి చోట స్విచ్చి ఆపితే లైటు ఆరుతుంది, హోల్డరులో ఫేజు మాత్రం అలాగే ఉంటుంది.

ఎంసీబీ ఉందిగా, పడిపోతుందిలే అని ధైర్యం చెప్పుకోకండి. ఎంసీబీ లోడు ఎక్కువైనప్పుడూ, వైర్లు కలిసిపోయినప్పుడూ పడుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి మీ ఒంట్లోంచి పోయే కరెంటు లెక్కలోకే రాదు, ప్రాణం తీయడానికి ఆంపియరులో పదోవంతు చాలు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. లోపలికి వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే, ఎక్కడో కారుతోందని పసిగట్టి రెప్పపాటులో ఆపేస్తుంది. 30 మిల్లీఆంపియర్లది పెట్టించుకోండి. దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది, రెండు మూడు నెలలకోసారి నొక్కండి. నొక్కితే పడాలి, పడకపోతే మార్పించండి. ఎర్తు గొయ్యి ఎండిపోతే ఎర్తు సరిగ్గా పనిచేయదు. రోహిణి కార్తెలో తులసికోటకి పోసినట్టే దానికీ ఒక బిందె పోయండి.

నీళ్ళలో మునిగిన బోర్డుల విషయంలో ఒకటే మాట. పైకి ఆరినట్టు కనపడినా స్విచ్చిలూ ప్లగ్గులూ ఎంసీబీలూ మార్చాల్సిందే. లోపల బురద ఉండిపోతుంది. మేము హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి మిగుల్చుకున్న రెండు ప్లగ్గులూ డిసెంబరులో కాలిపోయాయి.

నాలుగో మెట్టు: కస్టమర్ కేర్ నంబరు వెతకడం

నా డబ్బు పోయింది ఇక్కడే. వాషింగ్ మెషీన్ మునిగింది, సర్వీసువాడు కావాలి. ఫోనులో వెతికితే మొదట వచ్చిన నంబరుకి చేశాను. అవతలివాడు చక్కటి తెలుగులో, "అయ్యో సార్, సింగ్‌నగరా, వరద ఏరియా కదా, మీకు ముందు పంపిస్తాం" అన్నాడు. ఆ "అయ్యో"కే నేను పడిపోయాను. రిజిస్ట్రేషన్‌కి పది రూపాయలన్నాడు. దానికి ముందు మనిషి ఎక్కడున్నాడో చూసుకోవడానికని ఒక యాప్ వేసుకోమన్నాడు. అది తెర పంచుకునే యాప్. నేను పది రూపాయలు కట్టడానికి పిన్ కొడుతుంటే అవతల వాడు చూస్తున్నాడు. ఆ తర్వాత రెండు సార్లుగా 18,400 రూపాయలు పోయాయి.

అప్పటినుంచి మా ఇంట్లో పద్ధతి ఇది. నంబరు వెతకం, చదువుతాం. వస్తువు వెనక స్టిక్కరు మీద, వారంటీ కార్డు మీద, కొన్న బిల్లు మీద ఉంటుంది. మా మెషీన్ వెనక కూడా ఉంది. గోడకి ఆనించి ఉండటంతో చూడలేదంతే. అది చెరిగిపోతే కొన్న కొట్టువాడికి ఫోను చేస్తాం. బ్యాంకుదైతే కార్డు వెనకున్న నంబరే. సెర్చిలో పైన వచ్చేవి డబ్బిచ్చి పెట్టుకున్న ప్రకటనలు కావచ్చు, మ్యాపుల్లో కొట్టు పేరు కింద ఫోను నంబరు ఎవరైనా మార్చాలని చూడొచ్చు.

తానుగా ఫోను చేసి "బ్యాంకు నుంచి", "కొరియర్ నుంచి" అన్నవాడికి చెప్పాల్సింది కూడా చిన్న మాటే: "పెట్టేయండి, నేనే చేస్తాను." నిజమైనవాడు ఒప్పుకుంటాడు, దొంగ ఒప్పుకోడు. పెట్టేస్తే ఖాతా ఆగిపోతుందని, పోలీసులొస్తారని బెదిరిస్తాడు. ఆ బెదిరింపు వెలిగిన టెస్టర్ లాంటిదే. అదే బెదిరింపు ముదిరితే "డిజిటల్ అరెస్ట్" అంటారు. మన చట్టంలో అలాంటిది లేదు, ఏ పోలీసూ వీడియో కాల్లో మనిషిని అరెస్టు చేయడు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ ఒక్క ముక్కా కూర్చోబెట్టి చెప్పండి. మా అమ్మకి చెప్పి, ఆ ముక్క కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

ఐదో మెట్టు: డబ్బు వచ్చే దారి, పోయే దారి

పాత సోఫా, తలుపులు అమ్మకానికి పెడతారు. అరగంటలో ఒకడు ఫోను చేసి, తను ఆర్మీలో పనిచేస్తున్నానని, బేరం కూడా ఆడకుండా అడ్వాన్స్ పంపుతానని, క్యూఆర్ కోడ్ పంపుతాడు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు వస్తుందంటాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ దగ్గర్నుంచి పోతోందనే అర్థం. బేరమాడకుండా పాత సోఫా కొనేవాడు విజయవాడలో ఉంటాడని నేనైతే నమ్మను.

కింది అంతస్తు మునిగిన ఇళ్ళకి ప్రభుత్వం 25,000 రూపాయల సాయం ప్రకటించిన రోజుల్లో నా వాట్సాప్‌కి ఒక ఫైలు వచ్చింది, "లబ్ధిదారుల జాబితా" అని. పేరు చివర ఏపీకే అని ఉంది. అది జాబితా కాదు, యాప్. వేసుకుంటే మెసేజీలు చదివే అనుమతి అడుగుతుంది. ఆ అనుమతి ఇస్తే ఓటీపీలు అవతలివాడికే పోతాయి. పెళ్ళి శుభలేఖ అని వచ్చినా, చలానా అని వచ్చినా, చివర ఏపీకే ఉంటే తెరవకండి. "ఈ రాత్రి మీ కరెంటు కట్, ఈ నంబరుకి చేయండి" అని మామూలు పదంకెల నంబరు నుంచి వచ్చే మెసేజీ కూడా ఇదే జాతి. బిల్లు మీద సర్వీసు నంబరు చూసుకుని డిపార్ట్‌మెంటు సైట్లోనో 1912లోనో కనుక్కోండి.

పనిముట్లు ఆన్‌లైన్లో కొంటే అసలు కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చిన సైట్లుంటాయి, చిరునామా అక్షరం అక్షరం చదవండి. సగం ధరకి డ్రిల్లు వస్తోందంటే డబ్బు వస్తువు చేతికొచ్చాకే ఇవ్వండి.

ఆరో మెట్టు: డ్రిల్లు, గ్రైండరు

స్విచ్చిబోర్డుకి సరిగ్గా పైనా కిందా, పక్కన అడ్డంగా ఉన్న గీతలో రంధ్రం వేయకండి. గోడలో వైర్ల పైపులు సాధారణంగా ఆ దారినే పోతాయి. గీజరు కింద, కుళాయి పైన కూడా అంతే.

కళ్ళద్దాలు తప్పనిసరి. చదువుకునే కళ్ళజోడు కాదు, పక్కలు మూసి ఉండేవి. డ్రిల్లు తిప్పేటప్పుడు చేతులకి నూలు తొడుగులు వేసుకోకండి, దారం చుట్టుకుంటే చేతినే లాగేస్తుంది. లుంగీ, మెళ్ళో తువ్వాలు కూడా వద్దు. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. దాని గార్డు అడ్డమొస్తోందని తీసేయడం, రాయి కోసే చక్రం బదులు చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించడం నేను చూసిన రెండు పెద్ద తప్పులు. ఆ బ్లేడు చెక్కలో ఇరుక్కుంటే మెషీన్ మీదికే ఎగిరొస్తుంది. చక్రం మార్చేముందు స్విచ్చి ఆపడం కాదు, ప్లగ్గు పీకండి.

ఏడో మెట్టు: పైకెక్కే పనులు

నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున గోడకి దూరంగా ఉండాలి. పై మెట్టు మీద నిలబడకండి.

మన వీధుల్లో అసలు భయం డాబా పక్కనుంచి పోయే 11 కేవీ (11,000 వోల్టుల) లైను. నిబంధన ప్రకారం ఇంటికీ ఆ లైనుకీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, పైకి 3.7 మీటర్లు ఉండాలి. మీ చేతిలో మూడు మీటర్ల ఇనుప పైపు ఉంటే ఆ 1.2 మీటర్లు ఏ మూలకి? కర్టెన్ రాడ్డు, అల్యూమినియం నిచ్చెన, రోలరుకి తగిలించిన పొడుగు కర్ర, దండేనికి కట్టే జీఐ తీగ, ఇవన్నీ మెట్ల మలుపులో తిప్పేటప్పుడు లైనుకి తగులుతాయి. తగలకుండా మరీ దగ్గరికి పోయినా ప్రమాదమే. పైపుని నిలువుగా కాకుండా పడుకోబెట్టి, ఇద్దరు పట్టుకుని, ఒకరు లైను వైపే చూస్తూ ఎక్కించండి.

సిమెంటు రేకుల మీద కాలు పెట్టొద్దు. పైకి రాయిలా ఉంటుంది, పాతబడ్డాక అప్పడంలా విరుగుతుంది. తప్పనిసరైతే బోల్టులున్న వరస కింద దూలం ఉంటుంది, ఆ వరస మీద అడ్డంగా చెక్క వేసి దాని మీదే నడవండి. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పొడిగా కోయకండి, రంధ్రం వేయాల్సొస్తే నీళ్ళతో తడిపి వేయండి. మే నెలలో అయితే డాబా పని పొద్దున తొమ్మిదిలోపు ముగించండి, బెజవాడ ఎండతో పందెం వద్దు.

ఎనిమిదో మెట్టు: రంగు, సున్నం, యాసిడ్

సంక్రాంతి ముందు గోడలు గీకేటప్పుడు పాత రంగుల్లో సీసం ఉండొచ్చని గుర్తుంచుకోండి. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పదిలక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నియమం అమల్లోకొచ్చింది 2017 నవంబరు నుంచే. అంతకు ముందు రంగుని, ముఖ్యంగా తలుపులకీ కిటికీలకీ వేసిన ఎనామెల్‌ని, తడిపి గీకండి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒకే రోజు ఒకే చోట వాడకండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన బాత్రూంలో అది కిందనే పేరుకుంటుంది. వరద తర్వాత మా ఎదురింటావిడ "బాగా శుభ్రం కావాలి కదా" అని రెండూ పోసి, దగ్గుతూ వీధిలోకి పరిగెత్తింది.

తొమ్మిదో మెట్టు: సొంతంగా బిగించే కెమెరా

సీసీ కెమెరా బిగించడం తేలికే, తేలికగా వదిలేయడమే తప్పు. పెట్టెలో వచ్చిన పాస్‌వర్డు ఆ రోజే మార్చండి, వైఫై రౌటరుదీ మార్చండి. కెమెరా అడుగున ఉన్న క్యూఆర్ స్టిక్కరు ఫొటో గ్రూపుల్లో పెట్టకండి. కెమెరా మీ గుమ్మం చూడాలి, పక్కింటి కిటికీ కాదు.

జరిగిపోతే

షాక్ కొట్టి అతుక్కున్న మనిషిని పట్టుకోకండి. మెయిను ఆపండి. ఆపడం కుదరకపోతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో వైరు నుంచి విడదీయండి. 11 కేవీ లైనైతే కర్రకీ లొంగదు, దూరంగా ఉండి 1912కీ 108కీ చేయండి. విడిపించిన మనిషికి ఊపిరి లేకపోతే 108కి ఫోను చేసి, స్పీకరు ఆన్ చేసి, ఛాతీ మధ్యన రెండు చేతులతో ఐదు సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. లేచి కూర్చుని "ఏం కాలేదు" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, గుండె లయ తర్వాత తప్పొచ్చు. కాలిన చోట కుళాయి నీళ్ళు ఇరవై నిమిషాలు, పేస్టూ పసుపూ వద్దు. కంట్లో సున్నమో యాసిడో పడినా కుళాయి కిందే, రెప్ప తెరిచి పట్టుకుని.

డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకండి. నేను నలభై నిమిషాలు కూర్చున్నాను. ముందు 1930, వెంటనే బ్యాంకు, తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు. దొంగ డబ్బుని ఖాతా నుంచి ఖాతాకి తిప్పుతాడు, 1930వాళ్ళు ఆ గొలుసులో ఇంకా కదలని సొమ్ముని ఆపించగలరు. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా పోయిన డబ్బుని మూడు పనిదినాల్లో తెలిపితే నష్టం మీది కాదు. పిన్నో ఓటీపీయో మీరే ఇచ్చి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయింది మీది, ఆ తర్వాత పోయేది బ్యాంకుది. అందుకే ఫిర్యాదు చేసిన సమయం, వాళ్ళిచ్చిన నంబరు రాసిపెట్టుకోండి. నా రెండు లావాదేవీల్లో రెండోది ఆగింది, 9,000 వెనక్కొచ్చాయి. మొదటిది రాలేదు.

ఫోనులోంచి ఆ తెర యాప్ తీసేసి, పిన్ మార్చి, బాబాయ్‌కి చెబితే ఆయన తిట్టలేదు. టెస్టర్ జేబులోంచి తీసి నా చేతిలో పెట్టి, "ఇది మొన్న బోర్డు దగ్గరే మర్చిపోయావు" అన్నాడు.